రేటు బావ తప్పిన లెక్క

పరాయి దేశంలో, ఒక పెద్దాసుపత్రి వెనకాల ఉన్న లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషికి సొంత పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది. జీతం చీటీ మీద తప్ప అది ఇంకెక్కడా ఉపయోగపడలేదు. అందరికీ ఆయన రేటు బావ. అందులో 'రేటు' ఆయన చాదస్తం వల్ల వచ్చింది. 'బావ' మాత్రం పెళ్ళాం వల్ల వచ్చింది. ఆ సంగతి చెబితేగానీ ఈ కథ ముందుకు నడవదు.

గదిలో ముగ్గురుండేవాళ్ళు. ఒకడు బావ. ఇంకొకడు లాండ్రీ వ్యాను నడిపే డ్రైవరు. మూడోవాణ్ణి అందరూ పొడుగు అనేవాళ్ళు. ఇస్త్రీ యంత్రం దగ్గర బావకు ఎదురుగా నిలబడి దుప్పటి రెండో కొస పట్టుకునేది వాడే. మనిషి తాడిచెట్టంత, మాట చూస్తే గడ్డిపరకంత. నలభై దగ్గర పడుతున్నా పెళ్ళి మాట ఎత్తలేదు, ఎవరైనా ఎత్తితే అటునుంచి నరుక్కుని వచ్చినా జవాబు చెప్పేవాడు కాదు. ముగ్గురి ఇళ్ళూ ఒకే బస్సు దారిలో ఉన్నాయని ఇంత దూరం వచ్చాకే వాళ్ళకు తెలిసింది.

లాండ్రీ నుంచి బస్సు స్టాపు దాకా ఉన్న వీధిలో దేశం దాటించి డబ్బు పంపే దుకాణాలు మూడు. మొదటిదానికి అద్దాల తలుపు, తలుపు మీద 'చార్జీ లేదు' అని మనిషెత్తు అక్షరాలు. రెండోదాంట్లో చార్జీ కొంచెం, రేటు, అంటే ఇక్కడి డబ్బుకు మన డబ్బు ఎంతిస్తారో అది, మధ్యరకం. మూడోది మెట్ల కింద ఇరుకు గది, నిలబడితే తల తగులుతుంది. అక్కడ రేటు అన్నిటికంటే మెరుగు, చార్జీ అన్నిటికంటే ఎక్కువ. జీతాల రోజున జనం మొదటిదాని ముందు బారులు తీరేవాళ్ళు. వాళ్ళను చూసి బావ నాలుక చప్పరించేవాడు. చార్జీ లేదన్నవాడు అక్కడ ధర్మసత్రం నడపడం లేదనీ, చేత్తో తీసుకోనిది రేటులో కోసుకుంటాడనీ ఆయనకు తెలుసు. బోర్డు చూడొద్దురా, నువ్విచ్చింది ఎంత, అక్కడ చేతిలో పడింది ఎంత, ఆ రెండే చూడు అని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాడు.

మెట్ల కింద దుకాణం చార్జీకి ఒక గుణం ఉంది. కొంచెం పంపినా అంతే, బోలెడు పంపినా అంతే. ఆ సంగతి పట్టుకున్నది బావే. ముగ్గురి డబ్బూ ఒకటిగా కలిపి ఒకేసారి, ఒకే పేరు మీద పంపితే చార్జీ ముగ్గురికీ మూడు ముక్కలవుతుంది, మంచి రేటు మాత్రం ముగ్గురికీ నిండుగా దక్కుతుంది. ఆ ఒక్క పేరు ఎవరిదై ఉండాలన్నప్పుడు డ్రైవరు, పొడుగు ఇద్దరూ బావ భార్యదే అన్నారు. డబ్బు చేరిన మర్నాడు డ్రైవరు భార్యా, పొడుగు వాళ్ళమ్మా బస్సెక్కి ఆవిడ దగ్గరికి వచ్చి ఎవరి వాటా వాళ్ళు పట్టుకెళ్ళేవాళ్ళు.

అలా ఆవిడ ఇద్దరికీ అక్క అయింది. అక్క మొగుడు బావ కాక ఇంకేమవుతాడు? ఆయనకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దవాడైన డ్రైవరు కూడా సిగ్గు లేకుండా బావా అనేవాడు. అదే వరసలో పొడుగు వాళ్ళమ్మ ఈయనకు అత్తయ్య అయింది, ఈయన ఆవిడకు అల్లుడయ్యాడు. అత్తాఅల్లుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్న పాపాన పోలేదు. అయినా చుట్టరికం గట్టిపడింది.

ఏళ్ళు బాగానే గడిచాయి. తర్వాత ఫోనులోనుంచే డబ్బు పంపే కొత్త పద్ధతి ఒకటి వచ్చింది. బావ వెంటనే నమ్మలేదు. కాలికి బలపం కట్టుకుని మూడు దుకాణాలూ తిరిగి, ఏ రోజు రేటు ఆ రోజు ఫోనులోని రేటుతో పోల్చి చూశాడు. తన డబ్బులోంచే కొంచెం పంపి, అక్కడ ఎంత పడిందో కనుక్కున్నాడు. ఎటు తిప్పి చూసినా ఫోనుదే పైచేయి. చార్జీ పంపిన మొత్తాన్నిబట్టి, అదీ చిటికెడు. ఇక డబ్బు కలపాల్సిన అవసరం లేదు, ఎవరిది వాళ్ళు తమ వాళ్ళ ఖాతాకే నేరుగా పంపుకోవచ్చు. ఆ సాయంత్రం ఆయన గదిలో ఈ ముక్క చెబుతుంటే, యుద్ధం గెలిచొచ్చినవాడు కూడా అంత ఇదిగా చెప్పడు.

భార్యకు కూడా ఫోనులో అదే ఉత్సాహంతో చెప్పాడు. ఆవిడ అంతా విని, అయితే వాళ్ళిక మనింటికి రారా అని అడిగింది. రావాల్సిన పనేముంది, నీకూ ఆ లెక్కపెట్టే శ్రమ తప్పింది అన్నాడు. ఆవిడ ఊఁ అంది. భార్యకు గొప్ప మేలు చేశాననుకుని ఆయన హాయిగా నిద్రపోయాడు. మగవాళ్ళకు ఇలాంటి నిద్రలు బాగా పడతాయి.

మొదటి నెల డ్రైవరు భార్యకు నాలుగు డబ్బులు ఎక్కువే అందాయి. డ్రైవరు బావకు టీ తాగించాడు, అది అంతకుముందు ఎన్నడూ జరగలేదు. పొడుగు కూడా సంబరంగా, ఈసారి ఎక్కువొస్తుందమ్మా అని ముందే తల్లికి చెప్పి పెట్టాడు. డబ్బు ఆవిడ ఖాతాలో పడింది. పడ్డ మొత్తం మాత్రం ఆవిడ ఎప్పుడూ అందుకునేదాని కంటే తక్కువ.

ఆవిడ గొడవపడే మనిషయితే పోనీలే అనుకోవచ్చు. గొడవ పడలేదు. "నీ ఖర్చులు నీకుంటాయి నాయనా, తక్కువ పంపావని నేననను. కానీ ఎక్కువ పంపానని నాకెందుకు అబద్ధం చెప్పడం?" అంది. వీడు నోరు తెరిచేలోపే ఫోను పెట్టేసింది. ఆ తర్వాత వాడు ఎప్పుడు చేసినా పక్కింటావిడే ఎత్తి, మీ అమ్మ పడుకుందనో, ఇప్పుడే బయటికెళ్ళిందనో చెప్పేది. ఆ చెప్పే గొంతు వెనకాల తల్లి దగ్గు పొడుగుకు వినిపిస్తూనే ఉండేది.

పొడుగుకు ఈ లోకంలో తనది అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క గొంతు. వారం సెలవు రోజు పొద్దున తల్లితో మాట్లాడితేనే వాడికి వారం మొదలయినట్టు. ఇప్పుడా గొంతు పోయింది. ఆవిడ మొండిది కూడా. ఒకసారి తోడబుట్టిన తమ్ముడితో మాట మానేసి, అతను పోయేదాకా మళ్ళీ మాట్లాడలేదని పొడుగే చెప్పాడు.

ఇస్త్రీ యంత్రం దగ్గర పని ఇద్దరు మనుషులు ఒక్కటై చేసే పని. వేడి దుప్పటి బయటికి రాగానే ఇద్దరూ చెరో కొసా అందుకోవాలి, విదిలించాలి, దగ్గరికి నడవాలి, ఒకడి కొసలు రెండోవాడి చేతిలో పెట్టి మడత వెయ్యాలి. తిట్టుకున్నా అలాగే నడవాలి, మాట్లాడుకోకపోయినా అలాగే చేతులు కలపాలి. ఆ వారమంతా పొడుగు అలాగే నడిచాడు. దుప్పటి కొసలు బావ చేతిలో పెడుతూ ఆయన మొహం మాత్రం చూడలేదు. చివరికి ఒక మధ్యాహ్నం కొసలు ఇచ్చి, వదలకుండా అక్కడే నిలబడిపోయాడు.

"బావా, నిన్ను నేనేమీ అనను. నువ్వు మంచికే చెప్పావు. కానీ మా అమ్మ నేను దారి తప్పాననుకుంటోంది. డబ్బు పోతే పోయింది, ఆ మాట ఎలా తీసేయాలో చెప్పు."

ఇన్నేళ్ళలో బావ లెక్క ఒక్కసారీ తప్పలేదు. ఆ నెల రేటు మళ్ళీ చూశాడు, చార్జీ మళ్ళీ తీసేశాడు, పాత పద్ధతిలో అయితే పొడుగు వాటాకు ఎంత వచ్చేదో కట్టి చూశాడు. ఎన్నిసార్లు కట్టినా తల్లికి ఎక్కువే రావాలి. మరి పాతరోజుల్లో అమ్మకు ఎంత అందేదిరా అని అడిగితే పొడుగు తెల్లమొహం వేశాడు. అందిందా అంటే అందింది అనేది. ఎంత అందిందని తల్లిని ఆరా తీసే కొడుకు వాడు కాడు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం అని డ్రైవరు ఒక సామెత విసిరి, బావ చూపు చూసి నోరు మూసుకున్నాడు.

పక్కింటావిడ ద్వారా కబురు పంపించి కనుక్కున్నారు. జవాబు ఇలా వచ్చింది: ఎంతేమిటి, ప్రతి నెలా ఒకటే మొత్తం, ఇన్నేళ్ళూ పైసా పెరగలేదు, పైసా తగ్గలేదు, అల్లుడుగారి చేతి చలవ అలాంటిది.

పొడుగుకు అందులో వింతేమీ కనబడలేదు. బావకు మాత్రం కనబడింది. రేటన్నది ఒక్కచోట నిలబడే జాతి కాదు. పొద్దున ఉన్నచోట సాయంత్రం ఉండదు. మధ్యలో ఒక ఏడాది అది దభీమని పడిపోయి, డ్రైవరు ఇంట్లో బడి ఫీజు కట్టడానికి అప్పు చెయ్యాల్సి వచ్చింది. అలాంటి రేటు దాటుకుని నెల నెలా ఒకే మొత్తం పైసా తేడా లేకుండా ఒకావిడ చేతిలో పడటం జరిగే పని కాదు. మధ్యలో ఎవరిదో చెయ్యి ఉండాలి. మధ్యలో ఉన్నది ఒక్కతే.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సెలవు రోజు పొద్దున, డ్రైవరూ పొడుగూ బజారుకు వెళ్ళినప్పుడు బావ భార్యకు ఫోను చేశాడు. ఆవిడ ముందు నీళ్ళు నమిలింది. అత్తయ్య పొరబడి ఉంటుందంది. మతిమరుపేమో అంది. ఆయన తిట్టకుండా, పాత నెలల రేట్లు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టేసరికి ఒప్పుకుంది. తగ్గినంతా తనే కలిపేది.

ఎక్కడి నుంచి అంటే, నేల కోసం పంపిన డబ్బులోంచి. ముందు గదికి రాళ్ళు పరిపించమని ఆయన చాలాకాలంగా నెల నెలా కొంత విడిగా పంపుతున్నాడు. మేస్త్రీ దొరకడం లేదండీ అని ఆవిడ చెబుతూ వచ్చింది. కనబడని ఆ మేస్త్రీని బావ ఇక్కడి నుంచి తిట్టని తిట్టు లేదు. పాపం ఆ మేస్త్రీ పుట్టనైనా పుట్టలేదు.

బావకు మొదట కోపమే వచ్చింది. వచ్చి తీరాలి కూడా. నాలుగు డబ్బులు మిగులుతాయని ఎండలో మూడు దుకాణాల మధ్య తిరిగిన కాళ్ళు ఆయనవి. నేనిక్కడ పైసకు పైస పోగేస్తుంటే నువ్వక్కడ చేతికి ఎముక లేకుండా పంచిపెడతావా అన్నాడు. ఆవిడ నెమ్మదిగా చెప్పింది.

"మొదటి నెల మీ అత్తయ్య డబ్బంతా ఇక్కడే మూడు కుప్పలు పెట్టింది. అద్దెకొకటి, మందులకొకటి, తిండికొకటి. తిండి కుప్ప మరీ చిన్నదయింది. పక్కనే మన డబ్బుంది. కాస్త అటు జరిపాను. అంతేనండీ, ఆ రోజుకు అంతే అనుకున్నాను."

"మరి తర్వాత నెల?"

"తర్వాత నెల గుమ్మంలోకి వస్తూనే, మా అల్లుడెలా ఉన్నాడే అమ్మాయ్ అంది. మీ గురించి నన్నెవరడుగుతారండీ? అందరూ ఎంత పంపాడనే అడుగుతారు. మీ అన్నయ్య, మా మేనమామ, ఎదురింటివాళ్ళు, అందరిదీ అదే మాట. ఎలా ఉన్నాడని అడిగింది ఆవిడొక్కతే. ఆ పూటంతా కూచునేది. మీరెలా నవ్వుతారు, ఏం తింటారు, కోపమొస్తే ఏం చేస్తారు, అన్నీ చెప్పించుకునేది. నెలకొక్క పూట మీ గురించి నోరారా మాట్లాడుకునేదాన్ని. అలాంటి మనిషిని, ఈ నెల రేటు పడిపోయిందమ్మా, నీకింతే అని నేనెలా పంపించను?"

ఏ దుకాణంలో ఎంత కోస్తారో బావకు కంఠతా వచ్చు. తన పెళ్ళాం తన గురించి మాట్లాడుకోవడానికి నెల నెలా ఇంత కట్టుకుంటోందని మాత్రం తెలియదు. పైగా మేలు చేస్తున్నాననుకుని ఆ ఒక్క పూటనూ ఆయనే ఊడబెరికాడు. కళ్ళు తుడుచుకుందామంటే చేతిలో ఫోను ఉంది. తుడుచుకోకుండానే కూచున్నాడు.

"కోపమొచ్చిందా?" అని అడిగింది ఆవిడ.

"రాలేదు. వచ్చి పోయింది" అన్నాడు.

ఇక అసలు చిక్కు అలాగే ఉంది. ఉన్నదున్నట్టు చెబితే పొడుగు నిర్దోషి అని తేలిపోతుంది, తల్లి మళ్ళీ మాట్లాడుతుంది. కానీ ఇన్నేళ్ళూ పరాయి సొమ్ము తిన్నానని తెలిస్తే ఆవిడ ఇంకో ముద్ద మింగలేదు. పొడుగయితే ఆ బాకీ తీర్చేదాకా రెండు పూటల తిండి ఒక పూటే తింటాడు. అన్నిటికీ మించి ఆవిడ మళ్ళీ బావ ఇంటి గుమ్మం తొక్కదు. భార్యాభర్తలిద్దరూ ఆ పొద్దున చాలాసేపు దీన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఎటు తిప్పినా, తప్పు ఎవరో ఒకరు నెత్తిన వేసుకుంటేగానీ తెగేలా లేదు. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ రేటు ఊసు లేకుండా అంతసేపు మాట్లాడుకున్నది కూడా అదే మొదటిసారి.

మరుసటి సెలవు రోజు బావ భార్య బస్సెక్కి పొడుగు వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళింది. ఇన్నేళ్ళలో ముసలావిడే ఈవిడ ఇంటికి వచ్చేది, ఈవిడ ఆ ఇంటికి వెళ్ళడం ఎన్నడూ లేదు. ముసలావిడ గడప దగ్గరే పట్టుకుని, ఇంత చిక్కిపోయావేమే అని మొదలుపెట్టింది. లోపల కూచున్నాక, అనుకున్న ప్రకారం అక్కడి నుంచి ఫోను వచ్చింది. ఇక్కడ గదిలో ముగ్గురూ మంచం మీద వరసగా కూచున్నారు. అందరికీ వినబడేలా ఫోను మధ్యలో పెట్టారు. బావ గొంతు సవరించుకున్నాడు.

"అత్తయ్యా, మీ వాడి తప్పేమీ లేదు. వాడు ఎప్పుడూ పంపేదంతా పంపాడు. ఈ కొత్త పద్ధతి పెట్టించింది నేను. రేటు చూసి మురిసిపోయాను గానీ, మధ్యలో ఎంత పోతుందో చూసుకోలేదు. నా లెక్క తప్పింది."

డ్రైవరు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. అమావాస్యనాడు చంద్రుడొచ్చాడన్నా అతను నమ్మేవాడేమో గానీ, రేటు బావ లెక్క తప్పిందంటే నమ్మడం కష్టం. పైగా తన భార్యకు ఎక్కువే అందింది. ఏదో అనబోయాడు. బావ అతని మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు. ఆ చెయ్యి తీసేదాకా డ్రైవరు కిక్కురుమనలేదు.

అవతల ముసలావిడ గొంతు వినిపించింది. అల్లుడితో కాదు.

"ఒరేయ్, అక్కడున్నావా?"

"ఉన్నానమ్మా" అన్నాడు పొడుగు.

"మరి నోట్లో ఏం పెట్టుకున్నావు? తప్పు నాది కాదని ఒక్క మాట అనలేవూ? నేను కాదంటే నోరు మూసుకుని ఊరుకోవడమేనా? తిన్నావా?"

తినలేదని చెప్పడానికి పొడుగు నోరు తెరిచాడు. అంత మనిషీ మంచం మీద ముందుకు వంగిపోయి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. అవతల ఆవిడ కూడా ఏడుస్తూనే తిడుతోంది. మధ్య మధ్యలో బావ భార్య ఊరుకోండి పిన్నీ, ఊరుకోండి అంటోంది. డ్రైవరు లేచి వెళ్ళి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు, బయట ఏదో పనున్నట్టు.

తల్లీకొడుకుల తిట్లూ ఏడుపులూ సద్దుమణిగాక, వచ్చే నెల నుంచి మళ్ళీ పాత పద్ధతేనని బావ చెప్పాడు. మెట్ల కింద దుకాణం నుంచి, అక్క పేరు మీద. డ్రైవరు భార్య మాత్రం నేరుగానే తీసుకుంటుంది, ఆవిడకు పిల్లల బడి వేళ కుదరదు. అంటే చార్జీ ఇక రెండు ముక్కలే, మూడు కాదు. ఆ లెక్క బావకు తట్టకపోలేదు. తట్టినా పైకి అనలేదు.

అంతా అయిపోయిందనుకుని ఆయన ఫోను పెట్టేయబోతుంటే ముసలావిడ ఆపింది.

"ఉండండి అల్లుడుగారూ. మా వాడి గొడవలో పడి మిమ్మల్ని అడగనేలేదు. మీరెలా ఉన్నారు?"

బావకు దీనికి అలవాటైన జవాబు ఒకటుంది. బాగున్నాను, ఇవాళ రేటు ఇంత. ఇన్నేళ్ళూ భార్యకు చెబుతున్నది అదే. ఇప్పుడు కూడా బాగున్నాననే మొదలుపెట్టాడు. మొదలుపెట్టి, మొహం కూడా చూడని ఆ మనిషికి అబద్ధం చెప్పలేక ఆగిపోయాడు.

"ఏం బాగు అత్తయ్యా" అన్నాడు. "బెంగగా ఉంటోంది. పనిలో ఉన్నంతసేపూ తెలియదు. గదికి రాగానే మీ అమ్మాయి గుర్తొస్తుంది. దాని పక్కన ఊరికే కూచోవాలనిపిస్తుంది. ఏమీ మాట్లాడక్కర్లేదు."

అవతల ముసలావిడ చేతిలోంచి ఫోను ఇంకో చేతిలోకి మారుతున్న చప్పుడు వినిపించింది.

"ఏవండీ" అంది ఆయన భార్య. "ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెబితే నీకు దిగులని."

"దిగులుపడతాను" అంది ఆవిడ. "ఇక నుంచి ముందు ఆ మాట చెప్పండి. రేటు తర్వాత చూసుకుందాం."